ప్రిపోజిషన్ల సందేహాలు: 'డిస్కస్ అబౌట్' తప్పెందుకు, 'సిన్స్ త్రీ ఇయర్స్' తప్పెందుకు?

#1 | కర్నూలు కుర్రాడు

అందరికీ నమస్కారం. బ్యాంకు పరీక్షలకు ప్రిపేర్ అవుతున్నాను. ఇంగ్లిష్‌లో మిగతావన్నీ ఎలాగోలా లాక్కొస్తున్నా గానీ, ఎర్రర్ స్పాటింగ్ (వాక్యంలో తప్పు పట్టుకునే ప్రశ్నలు) దగ్గరికొచ్చేసరికి ప్రిపోజిషన్లతోనే టెన్షన్. ఒక ప్రాక్టీస్ సెట్‌లో ఈ వాక్యం వచ్చింది: 'ద మేనేజర్ డిస్కస్డ్ అబౌట్ ద లోన్ విత్ ద కస్టమర్.' ఇందులో 'అబౌట్' తప్పని కీలో ఇచ్చారు, కారణం రాయలేదు. 'టాక్ అబౌట్' కరెక్టు, 'స్పీక్ అబౌట్' కరెక్టు, 'డిస్కస్ అబౌట్' మాత్రం తప్పు. లోన్ గురించి మాట్లాడారు, లోన్ గురించి చర్చించారు, తెలుగులో రెండూ ఒకటే కదా? బట్టీ పట్టమని పెద్ద లిస్టు ఒకటి ఇచ్చారు. కారణం తెలియకుండా పట్టిన బట్టీ పరీక్ష హాల్లో గుర్తుకు రాదు. వీటికి లాజిక్ అంటూ ఏమైనా ఉందా, లేక ఎన్ని ఉంటే అన్నీ గుర్తుపెట్టుకోవాల్సిందేనా?

#2 | డాలస్ తెలుగబ్బాయి

లాజిక్ ఏమీ లేదు తమ్ముడూ, అంతా అలవాటే. రోజూ ఇంగ్లిష్ చదువు, విను. ఆర్నెల్లు పోతే ఏది కరెక్టో చెవికే తెలిసిపోతుంది.

#3 | కర్నూలు కుర్రాడు

అన్నా, పరీక్ష నెలన్నరలో ఉంది.

#4 | పలక బలపం

కారణం ఉంది బాబూ. నేను గవర్నమెంటు హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. ఏటా పదో తరగతి పిల్లలు సరిగ్గా ఇక్కడే తడబడతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తా.

'డిస్కషన్' అనే నౌన్‌ని చూడు. 'వి హ్యాడ్ ఎ డిస్కషన్ అబౌట్ ద లోన్.' ఇది పూర్తిగా కరెక్టు. ఒక నౌన్ ఇంకో నౌన్‌తో నేరుగా అతుక్కోదు, మధ్యలో ప్రిపోజిషన్ కావాలి. 'డిస్కస్' అలా కాదు, అది వెర్బ్. దేన్ని చర్చించామో దాన్ని వెంటనే పక్కన పెట్టేయొచ్చు: 'వి డిస్కస్డ్ ద లోన్.' మనవాళ్లు నౌన్ వెంట వచ్చే ప్రిపోజిషన్‌ని తెచ్చి వెర్బ్‌కి కూడా తగిలిస్తారు. తప్పంతా అక్కడుంది.

ఇది ఒక్క 'డిస్కస్'తో పోదు. 'ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్' బాగానే ఉంటుంది, కానీ 'హి రిక్వెస్టెడ్ ఫర్ లీవ్' కుదరదు. 'హి రిక్వెస్టెడ్ లీవ్' అనాలి. హోటల్లో 'యాన్ ఆర్డర్ ఫర్ టూ దోసాస్', కానీ 'ఐ ఆర్డర్డ్ టూ దోసాస్'. 'ఎంఫసిస్ ఆన్ గ్రామర్', కానీ 'షి ఎంఫసైజ్డ్ గ్రామర్'. 'లాక్ ఆఫ్ కాన్ఫిడెన్స్', కానీ 'హి లాక్స్ కాన్ఫిడెన్స్'. 'యాన్ అటాక్ ఆన్ ద పోలీస్', కానీ 'దే అటాక్డ్ ద పోలీస్'. నువ్వు చూస్తున్న లిస్టులో ఇలాంటివి ఎన్నున్నాయో ఒకసారి ఏరి చూడు, సగం బరువు దిగిపోతుంది.

పరీక్షలో చెయ్యాల్సింది ఇదీ. అనుమానం వచ్చిన మాటకు ముందు 'ఎ', 'ద', 'హిజ్', 'మై' లాంటివి ఉన్నాయేమో చూడు. ఉంటే అది నౌన్, దాని వెనక ప్రిపోజిషన్ ఉండటం సహజం. లేకుండా ఆ మాటే వాక్యంలో పని చేస్తుంటే అది వెర్బ్, దాని వెనక ప్రిపోజిషన్ కనిపిస్తే అనుమానించు. అనుమానించమంటున్నానే గానీ కొట్టేయమనడం లేదు. ఎందుకంటే 'డిపెండ్ ఆన్', 'రిప్లై టు', 'కామెంట్ ఆన్' లాంటివి వెర్బులైనా ప్రిపోజిషన్ కావాల్సినవే. 'రిప్లై'కి 'టు' కావాలి, 'ఆన్సర్'కి అక్కర్లేదు. 'వెయిట్'కి 'ఫర్' కావాలి, 'అవెయిట్'కి అక్కర్లేదు. ఇలాంటి జంటలు మాత్రం విడిగా చూసుకోక తప్పదు.

#5 | తెనాలి తాతయ్య

టీచరమ్మ చెప్పింది చాలా బాగుంది. నేను తెలుగు పండితుడిగా రిటైరయ్యాను. కుర్రాడు 'తెలుగులో రెండూ ఒకటే కదా' అన్నాడు, నేను అక్కడ ఆగాను. ఒకటి కాదు నాయనా. 'బిల్లును సభలో చర్చించారు' అని పేపర్లో చూస్తావు. 'బిల్లును సభలో మాట్లాడారు' అని ఎప్పుడైనా చూశావా? 'చర్చించు'కి 'ను' పడుతుంది, 'గురించి' కూడా పడుతుంది. 'మాట్లాడు'కి అక్కడ 'గురించి' ఒక్కటే పడుతుంది. అంటే ఇంగ్లిష్‌లో ఉన్న తేడా తెలుగులోనూ ఉంది. కాకపోతే మనకు 'చర్చించు' దగ్గర రెండు దారులున్నాయి, వాళ్లు ఒక దారే ఉంచుకున్నారు.

విభక్తులు వల్లె వేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: 'నిన్, నున్, లన్, కూర్చి, గురించి' ద్వితీయా విభక్తి. 'ను', 'గురించి' రెండూ ఒకే గూటివని మన వ్యాకరణమే చెప్పింది. ఇంగ్లిష్ నేర్చుకోవాలంటే తెలుగులో ఆలోచించడం మానెయ్యాలని పిల్లలకు చెబుతుంటారు, నాకది నచ్చదు. తెలుగులో ఎంత నిశితంగా ఆలోచిస్తే ఈ ప్రిపోజిషన్లు అంత తేలిగ్గా పట్టుబడతాయి.

#6 | ఓరుగల్లు

మాస్టారూ, మేడమ్, మంచిగా చెప్పిన్రు. నాదొక ప్రశ్న. హైదరాబాద్‌లో టెస్టింగ్ టీమ్‌లో పనిచేస్తా. మీటింగుల్లో రోజూ వినిపించే వాక్యం: 'ఐ యామ్ వర్కింగ్ ఆన్ దిస్ ప్రాజెక్ట్ సిన్స్ త్రీ ఇయర్స్.' కొందరు 'ఫ్రమ్ త్రీ ఇయర్స్' అంటారు. 'సిన్స్' అంటే పాయింట్ ఆఫ్ టైమ్, 'ఫర్' అంటే పీరియడ్ ఆఫ్ టైమ్ అని స్కూల్లో చెప్పింది అందరికీ తెలుసు. కానీ నోట్లోంచి మాట వచ్చే ఆ క్షణంలో ఏది పాయింటో, ఏది పీరియడో లెక్క వేసుకునే టైం ఎక్కడిది? తొందరగా తేలే ఉపాయం ఉంటే చెప్పండి.

#7 | తెనాలి తాతయ్య

ఉంది బాబూ, అదీ తెలుగులోనే ఉంది. 'నుంచి' తీసేసి 'గా' పెట్టి చూడు. 'మూడేళ్ల నుంచి పనిచేస్తున్నా' అన్నదాన్ని 'మూడేళ్లుగా పనిచేస్తున్నా' అనొచ్చు. 'గా' కుదిరింది కాబట్టి 'ఫర్'. '2019 నుంచి' అన్నదాన్ని '2019గా' అనగలవా? అనలేవు, కాబట్టి 'సిన్స్'. 'రెండు గంటలుగా', 'చాలా రోజులుగా', 'తరతరాలుగా' అన్నీ 'ఫర్'. 'పొద్దున్నుంచి', 'చిన్నప్పటి నుంచి', 'పెళ్లయినప్పటి నుంచి' దేనికీ 'గా' అతకదు, అన్నీ 'సిన్స్'.

'నుంచి' అనే ఒక్క మాట రెండు పనులూ చేస్తుంది కాబట్టి గందరగోళం. 'గా' ఒక పనే చేస్తుంది. దాన్ని పట్టుకుంటే చాలు.

#8 | ఓరుగల్లు

తాతగారూ, ఇది సూపర్. ఒక్క డౌటు. 'గత వారం నుంచి' అన్నప్పుడు?

#9 | తెనాలి తాతయ్య

'గత వారం నుంచి' అన్నప్పుడు 'గా' పెట్టాలంటే 'గత వారం రోజులుగా' అని 'రోజులు' తెచ్చుకోవాల్సి వచ్చింది చూశావా? అలా తెస్తే కాలం పొడవు చెబుతున్నావు: 'ఫర్ ద పాస్ట్ వీక్'. తేకుండా 'గత వారం నుంచి' అంటే ఎప్పుడు మొదలైందో చెబుతున్నావు: 'సిన్స్ లాస్ట్ వీక్'. రెండూ సరైనవే, చెప్పేది వేరు.

#10 | పలక బలపం

మాస్టారి ఉపాయం రేపే క్లాసులో చెబుతాను. దానికి ఒక్క ముక్క కలుపుతా. ఆ వాక్యంలో ప్రిపోజిషన్ ఒక్కటే దిద్దితే సరిపోదు. 'ఐ యామ్ వర్కింగ్ ఫర్ త్రీ ఇయర్స్' అన్నా కుదరదు. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి 'హ్యావ్ బీన్' కావాలి: 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఆన్ దిస్ ప్రాజెక్ట్ ఫర్ త్రీ ఇయర్స్.' తెలుగులో 'పనిచేస్తున్నా' అనే ఒక్క రూపంతోనే నడిచిపోతుంది కాబట్టి ఈ తేడా మనకు కనిపించదు. ఇది మాత్రం తెలుగు సాయం లేకుండా నేర్చుకోవాల్సిందే. ఎర్రర్ స్పాటింగ్‌లో 'ఫర్' సరిగ్గా ఇచ్చి, టెన్స్ తప్పు పెట్టి అడుగుతుంటారు, జాగ్రత్త.

#11 | డాలస్ తెలుగబ్బాయి

నేను ముందు తొందరపడి ఒక్క లైన్ రాసేసినా, చర్చ బాగుండి కూర్చున్నాను. ఇక్కడ మా ప్రాజెక్టులో ఎదురయ్యేది ఒకటి చెబుతా. ఇండియా టీమ్ నుంచి మెయిల్ వస్తుంది: 'ఐ విల్ సెండ్ ద రిపోర్ట్ టిల్ ఫైవ్ పీఎం.' రాసినవాళ్ల ఉద్దేశం ఐదింటిలోపు పంపిస్తామని. ఇక్కడివాళ్లకు అది ఐదింటి దాకా పంపుతూనే ఉంటామన్నట్టు అర్థమవుతుంది. ఒక్కోసారి ఫోన్ చేసి అడుగుతారు, ఒకటే రిపోర్టా లేక విడతలుగా పంపుతారా అని. 'బై ఫైవ్ పీఎం' అని ఉంటే ఈ గొడవే ఉండదు. 'డిస్కస్ అబౌట్' అంటే ఎవరికీ నష్టం లేదు, అర్థం చేసుకుంటారు. ఇది అలా కాదు, అర్థమే మారిపోతుంది.

#12 | తెనాలి తాతయ్య

'బై' అంటే మన 'కల్లా', 'టిల్' అంటే మన 'దాకా'. 'ఐదింటికల్లా పంపిస్తా', 'ఐదింటి దాకా ఆఫీసులో ఉంటా'. తెలుగులో ఇంత స్పష్టంగా విడివిడిగా ఉన్న మాటలు ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి ఎందుకు కలిసిపోతున్నాయో నాకు అర్థం కావడం లేదు.

#13 | ఓరుగల్లు

నాకు అర్థమైంది మాస్టారూ. మా దిక్కు 'ఐదింటి వరకు వచ్చేస్తా', 'రేపటి వరకు అయిపోతది' అనే అంటరు. రెండింటికీ 'వరకు' ఒక్కటే. హిందీ 'తక్' కూడా అట్లనే, రెండు పనులూ చేస్తది. ఆఫీసులో సగం మాటలు హిందీలో నడుస్తయి కాబట్టి 'తక్' నేరుగా 'టిల్' అయిపోతది. మీరు చెప్పిన 'కల్లా' గుర్తుపెట్టుకుంట: 'కల్లా' అనగలిగితే 'బై'.

ఇంకొకటి. 'రెండ్రోజుల్లో పంపుతా' అంటే 'ఇన్ టూ డేస్' అని రాయొచ్చా?

#14 | డాలస్ తెలుగబ్బాయి

రాయొచ్చు. కానీ 'ఇన్ టూ డేస్' అంటే ఇక్కడివాళ్లు సాధారణంగా ఇవాళ్టి నుంచి లెక్కేసి ఎల్లుండి అని తీసుకుంటారు. రేపే పంపినా పంపొచ్చు, ఎల్లుండి దాటదు అని చెప్పాలంటే 'వితిన్ టూ డేస్' వాడు. అసలు క్లయింట్‌కి రాసేటప్పుడు ఈ తలనొప్పి లేకుండా 'బై థర్స్‌డే' అని రోజు పేరు రాసేయడం మేలు.

#15 | కర్నూలు కుర్రాడు

టైమ్ మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. 'ఎట్', 'ఆన్', 'ఇన్'. గంటలకు 'ఎట్', రోజులకు 'ఆన్', నెలలకు, సంవత్సరాలకు 'ఇన్' అని తెలుసు. దీనికి కూడా తెలుగులో గుర్తు ఏదైనా దొరుకుతుందా?

#16 | పలక బలపం

మాస్టారి దారిలో ఆలోచిస్తే దొరుకుతోంది. నాకే ఆశ్చర్యంగా ఉంది. ఈ మాటలు పైకి అని చూడండి: ఐదింటికి, ఆగస్టు 15న, జూన్‌లో, 1947లో. గంటకు 'కి' వచ్చింది, తేదీకి 'న' వచ్చింది, నెలకూ సంవత్సరానికీ 'లో' వచ్చింది. 'కి' ఉన్నచోట 'ఎట్', 'న' ఉన్నచోట 'ఆన్', 'లో' ఉన్నచోట 'ఇన్'. సోమవారం, మంగళవారం అన్నప్పుడు 'న' పైకి వినిపించదు గానీ 'సోమవారం నాడు', 'సోమవారం రోజున' అని సాగదీస్తే బయటపడుతుంది.

పండగలకు కూడా పనిచేస్తుంది. 'దీపావళికి ఊరెళ్తాం' అంటే పండగ సమయం మొత్తం, 'ఎట్ దీపావళి'. 'దీపావళి రోజున' అంటే ఆ ఒక్క రోజు, 'ఆన్ దీపావళి'.

పనిచేయని చోట్లు కూడా చెప్పాలి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం 'ఇన్ ద' తీసుకుంటాయి, రాత్రి మాత్రం 'ఎట్ నైట్'. అయితే ముందు రోజు పేరు చేరిందంటే ఇక రోజుదే పెత్తనం: 'ఆన్ మండే మార్నింగ్', 'ఆన్ ఫ్రైడే నైట్'. 'నెక్స్ట్', 'లాస్ట్', 'దిస్', 'ఎవ్రీ' ముందుంటే అసలు ఏమీ వద్దు: 'ఐ విల్ కమ్ నెక్స్ట్ మండే'. 'ఆన్ నెక్స్ట్ మండే' పరీక్షల్లో తరచూ కనిపించే తప్పు.

#17 | తెల్లకోటు

అక్కా, అన్నలూ, నేను స్టాఫ్ నర్సుని, విజయవాడ. యూకే వెళ్లడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాయబోతున్నాను. 'ఎట్ నైట్' అన్నారు కదా, మరి పేషెంటు రాత్రి రెండుసార్లు లేచారని చెప్పాలంటే? 'ఇన్ ద నైట్' అని విన్నాను, అది తప్పా? ఇంకా ఇలాంటివి మా పనిలో ఏవేవి చూసుకోవాలి? ప్రిపోజిషన్ తప్పులకు బ్యాండ్ (అందులో ఇచ్చే స్కోరు) ఎంత తగ్గుతుందో అని కూడా భయంగా ఉంది.

#18 | లెస్టర్ గోరింట

చెల్లీ, నేను ఇక్కడ వార్డులోనే పనిచేస్తున్నా, కాబట్టి ఇది నేను చెబుతా. 'ఇన్ ద నైట్' తప్పు కాదు. ఫలానా ఒక రాత్రి మధ్యలో ఏదో జరిగిందంటే అదే వాడతాం: 'షి వోక్ అప్ ట్వైస్ ఇన్ ద నైట్'. మామూలుగా రాత్రిపూట అని చెప్పాలంటే 'ఎట్ నైట్': 'హి కాఫ్స్ ఎట్ నైట్'.

మన పనిలో అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది 'ఆపరేట్'. డాక్టరు ఆయనకు ఆపరేషన్ చేశారు అంటే 'ద సర్జన్ ఆపరేటెడ్ ఆన్ హిమ్'. ఆ 'ఆన్' మర్చిపోతే మిషన్‌ని నడిపినట్టు మనిషిని నడిపాడన్న అర్థం వస్తుంది. తర్వాత 'కంప్లెయిన్'. పేషెంటు ఛాతీ నొప్పి అంటున్నారని రాయాలంటే 'కంప్లెయినింగ్ ఆఫ్ చెస్ట్ పెయిన్'. భోజనం బాలేదని గొడవ చేస్తుంటే 'కంప్లెయినింగ్ అబౌట్ ద ఫుడ్'. జబ్బు లక్షణానికి 'ఆఫ్', ఫిర్యాదుకి 'అబౌట్'. డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్‌లో ఈ మాట రోజూ వాడాల్సి వస్తుంది. హాస్పిటల్లో చేర్చారు అంటే 'అడ్మిటెడ్ టు హాస్పిటల్', మన దగ్గర అలవాటైన 'అడ్మిటెడ్ ఇన్' కాదు. 'అలర్జిక్ టు పెనిసిలిన్', 'సఫరింగ్ ఫ్రమ్', 'డిశ్చార్జ్డ్ ఫ్రమ్'. ఇవి నోటికి వచ్చేదాకా పైకి అనుకో.

బ్యాండ్ సంగతి. స్పీకింగ్‌లో నాలుగు అంశాలకు సమానంగా మార్కులుంటాయి: ధారాళంగా, పొందికగా మాట్లాడటం, పదసంపద, గ్రామర్, ఉచ్చారణ. ప్రిపోజిషన్ అందులో ఒక అంశంలో ఒక భాగం. ఒకటి రెండు జారినంత మాత్రాన ఏమీ కాదు. ప్రతి ప్రిపోజిషన్ దగ్గరా ఆగి ఆగి ఆలోచిస్తే మాత్రం ధారకే దెబ్బ. రైటింగ్‌లో జాగ్రత్త పడు, స్పీకింగ్‌లో సాగిపో.

#19 | తెల్లకోటు

చాలా థ్యాంక్స్ అక్కా. 'ఎక్స్‌ప్లెయిన్ మి' అనకూడదని మా కోచింగ్ సార్ అంటారు. 'టెల్ మి' అనొచ్చు, 'గివ్ మి' అనొచ్చు, ఇదెందుకు అనకూడదు?

#20 | పలక బలపం

మనం 'నాకు చెప్పు', 'నాకు ఇవ్వు', 'నాకు వివరించు' అని అన్నిటికీ 'నాకు' వాడతాం కాబట్టి అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. ఇంగ్లిష్‌లో రెండు తెగలున్నాయి. 'గివ్', 'టెల్', 'సెండ్' లాంటి పాత ఇంగ్లిష్ మాటలు 'మి'ని పక్కనే పెట్టుకుంటాయి. లాటిన్ నుంచి వచ్చిన 'ఎక్స్‌ప్లెయిన్', 'డిస్క్రైబ్', 'సజెస్ట్', 'అనౌన్స్' లాంటివి ఎక్కువగా 'టు మి' అడుగుతాయి: 'ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి', 'సజెస్ట్ ఎ బుక్ టు మి'. 'ఆఫర్', 'ప్రామిస్' లాంటివి ఈ వరుసలో చేరవు కాబట్టి దీన్ని గట్టి రూలుగా కాకుండా మొగ్గుగా తీసుకో.

లాటిన్ పేరెత్తాను కాబట్టి కర్నూలు బాబుకి ఇంకొకటి. 'సీనియర్', 'జూనియర్', 'సుపీరియర్', 'ఇన్ఫీరియర్', 'ప్రయర్'. ఇవన్నీ లాటిన్‌లో పోలిక చెప్పే రూపాలు, ఇంగ్లిష్‌లోకి వచ్చి 'టు' పట్టుకున్నాయి. మనం 'నాకంటే సీనియర్' అంటాం కాబట్టి 'సీనియర్ దాన్ మి' అని వచ్చేస్తుంది. 'సీనియర్ టు మి' అనాలి. 'ప్రిఫర్' కూడా అంతే, 'ఐ ప్రిఫర్ కాఫీ టు టీ'. బ్యాంకు పరీక్షలకు ఇది ముఖ్యం.

#21 | డాలస్ తెలుగబ్బాయి

ఒక అభిప్రాయం చెప్పనా? 'డిస్కస్ అబౌట్' లాంటివి కోట్లమంది ఇండియన్లు వాడుతున్నారు. నైజీరియాలో, సింగపూర్‌లో కూడా వినిపిస్తుంది. ఇంతమంది వాడితే అది తప్పెలా అవుతుంది? అమెరికన్లు 'ప్రొటెస్ట్ ద డిసిషన్' అంటారు, బ్రిటిష్‌వాళ్లు 'ప్రొటెస్ట్ అగెనెస్ట్ ద డిసిషన్' అంటారు. ఇద్దరిదీ కరెక్టే అంటున్నాం. మనది మాత్రం తప్పంటున్నాం.

#22 | లెస్టర్ గోరింట

అన్నా, మీరన్నదాంట్లో న్యాయం ఉంది. ఇక్కడికొచ్చిన కొత్తలో నన్ను తికమక పెట్టింది బ్రిటన్, అమెరికా తేడాలే. ఇక్కడ 'ఎట్ ద వీకెండ్', మీ దగ్గర 'ఆన్ ద వీకెండ్'. ఇక్కడ 'ఇన్ హాస్పిటల్', మీ దగ్గర 'ఇన్ ద హాస్పిటల్'. ఇక్కడ 'రైట్ టు మి', మీ దగ్గర ఒట్టి 'రైట్ మి' కూడా చెల్లుతుంది. 'డిఫరెంట్ ఫ్రమ్' రెండు చోట్లా నడుస్తుంది, అది కాక ఇక్కడ 'డిఫరెంట్ టు', అక్కడ 'డిఫరెంట్ దాన్' వినిపిస్తాయి. ఏదీ దేవుడు రాసిపెట్టిందేం కాదు.

అయినా ఈ చర్చలో అడుగుతున్నవాళ్లను చూడండి. ఒకరు బ్యాంకు పరీక్ష, ఒకరు ఐఈఎల్‌టీఎస్. వాళ్ల పేపరు దిద్దేవాళ్లు ఏ కొలబద్ద పట్టుకుంటారో అదే వాళ్లకు కావాలి. మనది వేరే ఇంగ్లిష్ అని గర్వంగా చెప్పుకునే హక్కు మనకుంది, కానీ దాని ఖరీదు ఆ పిల్లల చేత కట్టించకూడదు. మీటింగులో పక్కవాడు 'డిస్కస్ అబౌట్' అన్నాడని అందరి ముందూ దిద్దడం మాత్రం ఎవరూ చెయ్యొద్దు. అది గ్రామర్ కన్నా పెద్ద తప్పు.

#23 | పలక బలపం

నా మాట కూడా అదే. తప్పులన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. 'టిల్ ఫైవ్', 'ఆపరేటెడ్ హిమ్' లాంటివి అర్థాన్నే మార్చేస్తాయి, వాటిని ముందు దిద్దుకోవాలి. 'సిన్స్ త్రీ ఇయర్స్' అర్థమవుతుంది గానీ ఇంటర్వ్యూలో చెవికి గుచ్చుకుంటుంది, అది రెండోది. 'డిస్కస్ అబౌట్' పరీక్ష రాసేవాళ్లకు ముఖ్యం, మిగతావాళ్లు నిదానంగా మార్చుకోవచ్చు. మా బడిలో పిల్లల నోట్సు దిద్దేటప్పుడు నేను ఈ వరుసే పాటిస్తాను. పేజీ నిండా ఎర్ర గీతలు చూస్తే పిల్లలు అసలు రాయడమే మానేస్తారు.

#24 | కర్నూలు కుర్రాడు

మేడమ్, వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదని ఒక వీడియోలో చెప్పారు. 'వాట్ ఆర్ యు లుకింగ్ ఫర్' తప్పా?

#25 | పలక బలపం

కానే కాదు. ఇది లాటిన్ పద్ధతిని ఇంగ్లిష్ నెత్తిన రుద్దడం. జాన్ డ్రైడెన్ అనే కవి 1672లో వాక్యాంతంలో ప్రిపోజిషన్ పెట్టడాన్ని తప్పుపట్టాడు, తర్వాత తన పాత రచనల్లో కూడా వాటిని మార్చుకున్నాడు. 1762లో రాబర్ట్ లోత్ రాసిన వ్యాకరణం మామూలు మాటల్లో అది పర్వాలేదని, గంభీరమైన రచనలో ముందుకు జరిపితే బాగుంటుందని చెప్పింది. ఆ తర్వాత బడుల్లో అది నిషేధంలా మారిపోయింది. ఇంగ్లిష్ వాడుక మీద పేరున్న ఫౌలర్ 1926లోనే దాన్ని మూఢనమ్మకమన్నాడు. 'ఫర్ వాట్ ఆర్ యు లుకింగ్' అని ఎవరైనా అంటే విన్నవాళ్లు వింతగా చూస్తారు. నువ్వు నిశ్చింతగా చివర పెట్టుకో.

#26 | ఓరుగల్లు

'లో' సంగతి ఎవ్వరూ తియ్యలేదు. 'బస్సులో ఉన్నా' అంటే 'ఇన్ ద బస్' అనొద్దు, 'ఆన్ ద బస్' అనాలంటరు. కారులో అంటే మాత్రం 'ఇన్ ద కార్'. ఏంది ఇది?

#27 | డాలస్ తెలుగబ్బాయి

లేచి నిలబడి నడవగలిగే బండికి 'ఆన్': బస్సు, రైలు, ఓడ, విమానం. కూర్చోవడమే తప్ప నడవలేనిదానికి 'ఇన్': కారు, ట్యాక్సీ, ఆటో. బైకు మీదే కూర్చుంటాం కాబట్టి 'ఆన్'. 'ఇన్ ద బస్' అంటే మహాపరాధమేం కాదు, లోపల ఏముందో చెప్పేటప్పుడు ఇక్కడివాళ్లూ అంటారు.

#28 | తెనాలి తాతయ్య

ఇక్కడ మాత్రం తెలుగు కొంచెం మోసం చేస్తుందని ఒప్పుకోవాలి. మనకు మూడో అంతస్తులో, టీవీలో, ఫోన్‌లో, పదో పేజీలో, జాబితాలో, ఇంటర్నెట్‌లో, అన్నీ 'లో'. ఇంగ్లిష్‌లో ఇవన్నీ 'ఆన్'. మళ్లీ ఫొటోలో, ఎండలో, వానలో అంటే 'ఇన్'. పరుచుకున్నట్టుండేవి, వరుసగా రాసి ఉండేవి 'ఆన్'కి వెళ్తాయని కొంతవరకు పోల్చుకోవచ్చు. అన్నిటికీ అతికే గుర్తు మాత్రం నాకు దొరకలేదు.

#29 | లెస్టర్ గోరింట

అలాంటి చోట డిక్షనరీయే దిక్కు మాస్టారూ. అర్థం చూసి మూసెయ్యకుండా కింద ఇచ్చే ఉదాహరణ వాక్యాలు చదవాలి. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల కోసమే రాసిన డిక్షనరీల్లో ఏ మాట వెనక ఏ ప్రిపోజిషన్ వస్తుందో విడిగా చూపిస్తారు. ఏ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పినాయన. ఆయన ఇలాంటి నిఘంటువును తయారుచేస్తే 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ దాన్ని మళ్లీ వేసింది. అక్కడి విద్యార్థులకూ మనలాగే ప్రిపోజిషన్ మాట ముందు రాదు, వెనక వస్తుంది. కాబట్టి అందులో మనకు పనికొచ్చేది చాలా ఉంటుంది. ఇప్పుడు వాటి ఆన్‌లైన్ రూపాలు ఫోన్‌లో ఉచితంగానే దొరుకుతున్నాయి.

#30 | కర్నూలు కుర్రాడు

అందరికీ చాలా థ్యాంక్స్. లిస్టు పక్కన పెట్టి, మేడమ్ చెప్పినట్టు నౌన్ ఏది, వెర్బ్ ఏది అని విడదీసుకుంటున్నా. ఇవాళ్టి సెట్‌లో ఒక వాక్యం దగ్గర ఆగిపోయా: 'హి ప్రిఫర్స్ రీడింగ్ దాన్ వాచింగ్ టీవీ ఇన్ సండేస్.' నాకు రెండు తప్పులు కనిపిస్తున్నాయి. కీలో ఒకటే ఇచ్చారు.

#31 | పలక బలపం

నీకు కనిపించింది సరిగ్గానే ఉంది. 'దాన్' బదులు 'టు', 'ఇన్' బదులు 'ఆన్'. ఎర్రర్ స్పాటింగ్‌లో ఒక వాక్యానికి ఒకే తప్పు పెట్టడం పద్ధతి, కాబట్టి ఆ సెట్ తయారుచేసినవాళ్లు సరిచూసుకోలేదన్నమాట. దాని మీద టైం పోగొట్టుకోకు, పరీక్ష పెట్టేవాళ్లే విడుదల చేసిన పాత పేపర్లు తీసి చెయ్యి. ఎక్కడైనా ఆగితే వాక్యం ఇక్కడ పెట్టు, సాయంత్రం బడి అయ్యాక చూస్తాను.